బ్లీచింగ్ పౌడర్, బాత్రూమ్ యాసిడ్ రెండూ కలిపి వేస్తే టాయిలెట్ ఇంకా బాగా క్లీన్ అవుతుందా?

అవ్వదు, పైగా ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అది 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువే.

బ్లీచింగ్ పౌడర్ అయినా లిక్విడ్ బ్లీచ్ అయినా పనిచేసేది హైపోక్లోరైట్ అనే క్లోరిన్ ఉన్న రసాయనం, క్షార గుణం ఉన్నంతసేపు అది కాస్త కుదురుగా ఉంటుంది, యాసిడ్ తగిలిందంటే మాత్రం లోపలున్న క్లోరిన్ గ్యాస్ అయిపోయి బయటికి వచ్చేస్తుంది. అంటే మురికి వదిలించాల్సిన సరుకే గాల్లో కలిసిపోయినట్టు, ఇక క్లీనింగ్ ఏముంటుంది చెప్పండి.

ఉదాహరణకి ఇండియన్ టాయిలెట్‌లో పౌడర్ చల్లి, సరిగ్గా నీళ్లు కొట్టకుండానే పసుపు మరకల కోసం యాసిడ్ పోశారనుకోండి, వెంటనే పొగలా లేచి కళ్లు మండుతాయి, గొంతు పట్టేసి దగ్గు ఆగదు. క్లోరిన్ గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి కిందే పేరుకుంటుంది, మనమేమో అక్కడే వంగి బ్రష్‌తో రుద్దుతుంటాం. అలా జరిగితే ఇంకేం పోయకుండా ముందు బయటికి వచ్చేయాలి, ఆయాసం తగ్గకపోతే హాస్పిటల్‌కి వెళ్లాల్సిందే.

చాలామంది ఘాటు ఎక్కువుంటే క్రిములు బాగా చస్తున్నాయి అనుకుంటారు, అది తప్పు, ఆ ఘాటు మన ఊపిరితిత్తులకే దెబ్బ. టాయిలెట్ క్లీనర్ సీసాల్లో కూడా చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడే, రంగు నీలంగా ఉందని మోసపోవద్దు. రెండూ కావాలంటే ఒకటి వాడి బకెట్ల కొద్దీ నీళ్లు కొట్టి, రెండోది ఇంకో రోజు వాడుకోండి.