ఆ గది ఎవరు కట్టారు మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, మాది కందుకూరు దగ్గర చిన్న పల్లె. ఊరి మధ్యలో యువజన సంఘం గది ఒకటి ఉంది. మొదట పూరికొట్టమనీ, తర్వాత ఇటుకలతో కట్టారనీ అంటారు. ఇప్పుడు గోడలు బీటలిచ్చాయి. పడగొట్టి కొత్తది కట్టాలనుకుంటున్నాం. ఈలోగా దాని చరిత్ర రాసే పని నాకు అప్పజెప్పారు. అడగబోతే ప్రతి పెద్దాయనా ‘మా నాయనే కట్టించాడు’ అంటున్నాడు. చేతిలో కాగితం ఒక్కటీ లేదు. స్థలం ఎవరిదో కూడా తేలడం లేదు. నాకు టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: నాయనా, ముందు ‘ఎవరు కట్టించారు’ అని అడగడం మానెయ్. ఊళ్లో ఎన్ని గడపలుంటే అన్ని జవాబులొస్తాయి. కప్పు ఎవరు మార్చారు, తాళంచెవి ఎవరింట్లో ఉండేది, కరెంటు బిల్లు ఎవరు కట్టారు అని అడుగు. కట్టించామని గొప్పలు పోయేవాళ్లుంటారు గానీ, బిల్లు కట్టామని గొప్పలు పోయేవాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు.

మా ఊరి గది సంగతి చెప్తాను. పదకొండేళ్లు దానికి కార్యదర్శిగా చేశాను. మొదట తాటాకు కొట్టమే. నాలుగు వేప గుంజలు, మధ్యలో నిట్టాడి, మట్టి అరుగు. సాయంత్రం చెడుగుడు ఆడేవాళ్లు చొక్కాలు తగిలించుకునేది అక్కడే, రాత్రి నాటకాల రిహార్సల్ అక్కడే. ఆకు పాతబడ్డప్పుడల్లా తాటిచెట్లెక్కి కొత్తాకు కొట్టేది ఒకరు, కప్పేది ఇంకొకరు, పేరు మాత్రం సంఘానిది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను దాన్ని ఎత్తుకుపోయింది. తెల్లారి వెళ్లి చూస్తే నిట్టాడి ఒక్కటే నిలబడి ఉంది. మా హార్మోనియం పెట్టె చెరువు కట్ట కింద దొరికింది, లోపల ఒక ఎండ్రకాయతో సహా.

ఇటుకల గది ఎలా లేచిందంటావా, పొగాకు బ్యారన్ పుణ్యమే. బ్యారన్ అంటే పచ్చి పొగాకును వేడిపెట్టి ఆరబెట్టే ఇటుకల కొట్టు. వాడకం మానేసిన బ్యారన్ ఒకటి కూల్చి తీసుకుపొమ్మన్నాడు ఒక రైతు. ఆదివారాలు పడుచువాళ్లమంతా కలిసి ఇటుకలు ఊడదీసి, అంటుకున్న సున్నం గీకి బండికెత్తాం. బ్యారన్‌కి ఇంత అని చందా వేశాం. బ్యారన్ లేనివాళ్లు రెండు రోజుల పనివ్వాలని కట్టుబాటు. ఇప్పటికీ ముసురు పట్టి గోడలు తడిస్తే పొగాకు వాసనొస్తుంది. వాసన సంగతి నా మాటే, చందా సంగతి మాత్రం చిట్టా పుస్తకంలో పద్దులతో సహా ఉంది. కూలీ కింద రాసినదానికంటే ‘టీ, బీడీలు’ కింద రాసిందే ఎక్కువ! మీ ఊళ్లోనూ అలాంటి పుస్తకం ఉండే ఉంటుంది. బీరువాల్లో వెతక్కు, అటకల మీద వెతుకు.

గోడకున్న శిలాఫలకాన్ని మాత్రం నమ్ముకోకు. మాదాంట్లో రిబ్బను కత్తిరించిన నాయకుడి పేరుంది, పెద్ద చందా ఇచ్చిన నలుగురి పేర్లున్నాయి. రెండు రోజుల పనిచ్చినవాళ్లు లేరు. పాలెం నుంచి, అంటే దళితవాడ నుంచి వచ్చి పునాది తవ్వినవాళ్లు అసలే లేరు. పైగా గది అయ్యాక చాలాకాలం పాలెం కుర్రాళ్లు కిటికీ బయట నిలబడే టీవీ చూశారు. నేను కార్యదర్శిగా ఉన్న రోజుల్లోనే! ‘లోపలికి రండ్రా’ అని ఒక్క మాట నా నోట రాలేదు. మీ గదికీ ఇలాంటి కిటికీ ఉంటే దాన్నీ రాయి. అభ్యంతరం చెప్పేవాళ్లుంటారు, చెప్పనీ.

ఆడవాళ్లను కూడా అడుగు. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద ఆడవాళ్లు తిరగబడింది అక్షరాస్యత రాత్రి బడుల్లో కూర్చుని మాట్లాడుకోబట్టే. అది పాకి పాకి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా బందయింది. మా గదిలోనూ ఆ రోజుల్లో రాత్రి బడి నడిచింది. పలకలు పట్టుకుని ఆడవాళ్లు కూర్చుంటే క్యారంబోర్డు మూలకి జరపాల్సొచ్చింది. దానికి మావాళ్లు అలిగి ఏకంగా తీర్మానమే రాశారు! ఇవాళ అది చదివితే నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది.

ఇక స్థలం. ఊరి మధ్యలో అంటున్నావు కాబట్టి గ్రామకంఠమే, అంటే ఊరి ఇళ్ల కోసం వదిలిన నేలే అయ్యుండొచ్చు. పాత సర్వేలో గ్రామకంఠానికి ఇంటింటికీ విడిగా నంబర్లు వెయ్యలేదు. అందుకే పట్టా దొరకదు. పట్టా లేదని అది ఎవరో ఒకరి సొంతమైపోదు. పంచాయతీలో ఇంటిపన్ను రిజిస్టరు చూడు. మా ఊళ్లో ఒక పెద్దమనిషి గుట్టుచప్పుడు కాకుండా గదికి తన పేరున పన్ను వేయించుకున్నాడు. పన్ను కట్టినంత మాత్రాన హక్కు రాదు, కానీ ఆ పేరు తీయించడానికి మేం రెండేళ్లు తిరిగాం. కరెంటు మీటరు ఎవరి పేరున ఉందో కూడా చూసుకో.

సంఘం రిజిస్టరైతే నీ పని సగం అయినట్టే. పాతదైతే 1860 నాటి సొసైటీల చట్టం కింద అయ్యుంటుంది, తర్వాతదైతే 2001 నాటి రాష్ట్ర చట్టం కింద. ఎప్పుడైనా కనీసం ఏడుగురు సంతకాలు పెట్టాల్సిందే. ఆ ఏడు పేర్లూ దొరికాయంటే ‘మా నాయనే’ అనేవాళ్ల గొడవ సగం తగ్గుతుంది. జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో నకలు అడుగు.

ఏ జిల్లా అంటావా? అదే తిరకాసు. కందుకూరు మొదట నెల్లూరు జిల్లా. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పుడితే అందులోకి పోయింది. 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో కందుకూరును మళ్లీ నెల్లూరులో కలిపారు. మీ గది ఉన్నచోటే ఉంది, కాగితాలు ఎటు పోయాయో! ‘మా దగ్గర లేవు’ అని ఒకచోట అనగానే ఇంటికొచ్చెయ్యకు, ఒంగోలూ నెల్లూరూ రెండూ తిరుగు.

పడగొట్టే ముందు నాలుగు గోడలకీ లోపలా బయటా ఫొటోలు తియ్యి. సున్నం పెచ్చులూడినచోట కింద పాత రాతలేమైనా కనిపిస్తాయేమో చూడు. చిట్టా దొరికితే దగ్గరుండి జిరాక్స్ తీయించి, అసలుది ఇచ్చినవాళ్లకి ఆరోజే తిరిగి ఇచ్చెయ్. మా చిట్టా మొదటి పుస్తకం ‘రేపు ఇస్తాను మాస్టారూ’ అని ఒకాయన పట్టుకుపోయాడు. ఆ రేపు ఇంకా రాలేదు. పెళ్లిళ్లలో ఎదురైతే భోజనం చేశారా అని కాదు, పుస్తకం ఏదయ్యా అనే అడుగుతుంటాను.