బుజ్జిగాణ్ణి క్యాంపుకి పంపే ముందు: పెదనాన్న ఉత్తరం

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. దసరా సెలవుల్లో ఐదు రోజుల క్యాంప్ ఉందని స్కూల్లో చెప్పారు, వాడేమో వెళ్తానని ఒకటే గోల, నువ్వేమో "పదకొండేళ్లొచ్చినా ఒక్క రాత్రి నన్ను వదిలి పడుకోలేదు పెదనాన్నా, అన్నం కలిపి పెడితే గానీ తినడు" అని టెన్షన్. పంపాలా వద్దా అని అడిగావు. పంపు. అయితే ఎలాంటి క్యాంపుకి పంపాలి, ముందు ఏం కనుక్కోవాలి, తిరిగొచ్చాక ఇంట్లో ఏం చెయ్యాలి అన్నవి ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా, స్కౌట్ మాస్టర్‌గా పిల్లల్ని వెంటేసుకుని కొండలూ చెరువుగట్లూ తిరిగినవాణ్ణి, కాస్త ఓపిగ్గా చదువు.

ఒకసారి వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో, మన మూసీ పుట్టే చోటు, నలభై మందితో క్యాంప్ వేశాం. ఎనిమిది మందికి ఒక పెట్రోల్, అంటే చిన్న జట్టు, వాళ్లలోనే ఒకడు లీడర్, ఎవరి వంట వాళ్లదే. ముందురోజు సాయంత్రం వాన పడి పుల్లలన్నీ తడిసిపోయాయి. ఒక పెట్రోల్ వాళ్లు మూడు రాళ్లు పెట్టి, వాటి మధ్య ఇంత లావు కట్టెలు దోపి, కాగితాలు ముట్టించడం మొదలుపెట్టారు. కాగితం మండుతుంది, ఆరిపోతుంది, పొగ. అగ్గిపెట్టె దాదాపు అయిపోవచ్చింది. లీడర్ తొమ్మిదో తరగతి వాడు, కళ్లు తుడుచుకుంటూ అందరి మీదా అరుస్తున్నాడు. నేను పది అడుగుల దూరంలో చెట్టు కింద కూర్చున్నాను. లేచి వెళ్లి రెండు నిమిషాల్లో ముట్టించి ఇవ్వగలను, చెయ్యి ఊరుకోవడం లేదు, అయినా కదల్లేదు. అప్పటిదాకా నోరు విప్పని ఆరో తరగతి పిల్లాడొకడు ఒక కట్టె తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నా, పైన తడిసింది గానీ లోపల పొడిగానే ఉంటుంది కదా, చీలిస్తే?" అన్నాడు. కత్తి తెచ్చి చీల్చారు. లోపల నిజంగానే పొడి. అగరువత్తుల్లా సన్నగా చీల్చుకుని, వాటిని ముందు అంటించి, తర్వాత వేలంత పుల్లలు, ఆ తర్వాత కట్టెలు. మంట నిలబడింది.

అన్నం మాత్రం అడుగున మాడింది, పైన పలుకు. మధ్యాహ్నం మూడున్నరకి ఆవకాయ వేసుకుని అదే తిన్నారు. ఒక్కడూ బాగోలేదని అనలేదు, వండింది వాళ్లే కదా. మర్నాడు బియ్యం మీద వేలు పెట్టి ఒక కణుపు దాకా నీళ్లు పోసుకోవడం పక్క పెట్రోల్ దగ్గర కనుక్కున్నారు. మూడో రోజుకి ఆ ఆరో తరగతి వాణ్ణి పొయ్యికి బాధ్యుణ్ణి చేసి, మిగిలినవాళ్లు వాడు చెప్పినట్టు పుల్లలు తెచ్చిచ్చారు. లీడర్ అరవడం మానేశాడు. ఇదంతా జరుగుతున్నంతసేపూ నేను చెప్పిన మాట ఒక్కటీ లేదు.

నువ్వు పంపించిన క్యాంప్ బ్రోచర్‌లో లీడర్‌షిప్, టీమ్‌వర్క్, కాన్ఫిడెన్స్ అని రంగురంగుల అక్షరాలతో రాశారు. అవి వచ్చేది ఇలాంటి చోట్లే. నిజంగా అవసరమైన పని పిల్లల చేతుల్లో ఉండాలి, అది చెడిపోయే అవకాశం ఉండాలి, చెడితే కలిగే నష్టం ఒక పూట మాడన్నంతో సరిపోవాలి. పెద్దవాళ్లు దగ్గరే ఉండాలి గానీ చెయ్యి పెట్టకూడదు. ఈ చివరిదే అన్నింటికన్నా కష్టం. ఇంకో ఏడాది మరో క్యాంపులో పొద్దుపోతోందని, పిల్లలు ఆకలితో ఉన్నారని జాలేసి నేనే గరిటె అందుకున్నాను. పది నిమిషాల్లో అందరూ కంచాలు పట్టుకుని లైన్లో నిలబడ్డారు. మిగిలిన మూడు రోజులూ "సార్, అన్నం ఎప్పుడు?" అని అడుగుతూనే ఉన్నారు. ఆ క్యాంపుని నేను చెడగొట్టాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కాబట్టి స్కూలు వాళ్లకి ఫోన్ చేసి మొట్టమొదట అడగాల్సింది, వంట ఎవరు చేస్తారు, టెంట్లు ఎవరు వేస్తారు అని. "మేడమ్, పిల్లలకి ఏ కష్టం ఉండదు, బఫే ఉంటుంది, టెంట్లు వేసి రెడీగా ఉంటాయి" అంటే అది పిక్నిక్. పిక్నిక్ మంచిదే, కానీ దానికి అంత డబ్బు పొయ్యక్కర్లేదు. వంట పూర్తిగా పిల్లలదే కాకపోయినా కూరలు తరగడం, గిన్నెలు తోమడం, నీళ్లు మోయడం వంతులవారీగా వాళ్లకే వదిలారా, రోజులో ఓ గంటైనా ఏ కార్యక్రమమూ లేకుండా ఖాళీగా ఉంచారా, కనుక్కో. 1907 ఆగస్టులో, స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో వేసిన మొదటి స్కౌట్ క్యాంపులో ఇరవై మంది దాకా పిల్లలున్నారు. డబ్బున్నవాళ్ల స్కూళ్లలో చదివేవాళ్లనీ పనివాళ్ల ఇళ్ల పిల్లల్నీ కలిపి పెట్రోల్స్‌గా విడదీసి, ఒక్కోదానికి ఒక కుర్రాణ్ణే లీడర్‌గా పెట్టాడాయన. నూట పదేళ్లు దాటినా చిన్న గుంపు, పిల్లల్లోంచే నాయకుడు, నిజమైన పని అన్న ఆ పద్ధతికి మించింది నేను చూడలేదు. మీవాడి క్లాసులో అందరూ ఒకే రకం అపార్ట్‌మెంట్ల పిల్లలు. వేరే రకం ఇళ్ల పిల్లలతో ఒకే గిన్నెలోది తినే అవకాశం ఆ క్యాంపులో ఉంటే ఇంకేం ఆలోచించకు.

సాహసాల సంగతి. వాడు రాక్ క్లైంబింగ్ అనగానే నీకు గుండె దడ వచ్చిందన్నావు. భువనగిరి కొండ మీద రాపెలింగ్, అంటే తాడు సాయంతో బండ దిగడం, నేర్పేటప్పుడు చాలాసార్లు దగ్గర నిలబడి చూశాను. నడుముకి హార్నెస్, తలకి హెల్మెట్, పైన తాడు పట్టుకుని ఒక ఇన్‌స్ట్రక్టర్. అంచు దగ్గర పిల్లాడు వీపు లోయవైపు పెట్టి నిలబడి తాడు మీద భారం వేసి వెనక్కి వాలాలి. శరీరం ఒప్పుకోదు. ప్రతివాడూ భయంతో బండకి అతుక్కుపోవాలని చూస్తాడు, అలా అతుక్కున్నప్పుడే కాళ్లు జారతాయి. వెనక్కి వాలి, పాదాలు బండకి ఆనిస్తే నిలబడతాయి. ఈ సంగతి మాటల్లో ఎంత చెప్పినా ఎక్కదు. ఒక అమ్మాయి అంచు దగ్గర ఇరవై నిమిషాలు ఏడ్చింది, మోకాళ్లు వణుకుతుంటే నాకే కనిపిస్తున్నాయి, ఇన్‌స్ట్రక్టర్ ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు, "వద్దనుకుంటే వచ్చెయ్, ఏం పర్లేదు" అన్నాడు. తనంతట తనే వాలింది. కిందికి దిగాక గొంతు బొంగురుపోయినట్టు "సార్, ఇంకోసారి" అంది. ఇష్టం లేనివాణ్ణి తోసే చోటుకి మాత్రం పంపకు. వద్దనే హక్కు పిల్లాడికి ఉందా అని కచ్చితంగా అడుగు.

మాలావత్ పూర్ణ కూడా ఆ భువనగిరి బండ మీద నుంచి వెళ్లినమ్మాయే. నిజామాబాద్ జిల్లా పాకాల, కూలి పని చేసుకునే తల్లిదండ్రులు, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు, వెంట అదే గురుకులాల పిల్లాడు ఆనంద్ కుమార్. అయితే ఆ అమ్మాయిని తీసుకెళ్లి నేరుగా మంచులో నిలబెట్టలేదమ్మా. ముందు ఇక్కడి బండ, తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ, ఆ తర్వాత లద్దాఖ్ చలి. ఒక్కో మెట్టూ అలవాటయ్యాకే పై మెట్టు. మీవాడికి ఇప్పుడు మెట్టు నాలుగైదు రాత్రులు అమ్మ లేకుండా పడుకోవడమే, వాడి వయసుకి అది చిన్నదేం కాదు.

ఇప్పుడు భయపడాల్సిన వాటి గురించి, ఎందుకంటే నువ్వు భయపడుతున్నవి చాలావరకు వేరే. కొండ కన్నా నాకు నీళ్లంటే భయం. పూర్ణ ఎవరెస్ట్ ఎక్కిన రెండు వారాలకే, 2014 జూన్ 8న, హిమాచల్‌లో బియాస్ నది దగ్గర ఆగిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, పైన డ్యామ్ నుంచి నీళ్లు వదిలేసరికి కొట్టుకుపోయారు. అంత పెద్ద పిల్లలు. దసరా నాటికి మన వాగులూ కుంటలూ నిండి ఉంటాయి. క్యాంప్ దగ్గర నీళ్లున్నాయా, ఉంటే పిల్లల్ని దిగనిస్తారా, దిగనిస్తే లైఫ్ జాకెట్లున్నాయా, ఒడ్డున చూస్తూ ఉండడం తప్ప వేరే పని లేని పెద్ద మనిషి ఎవరు, ఇవన్నీ అడుగు. "చూసుకుంటాంలెండి" అన్న జవాబు చాలదు, పేరు చెప్పాలి. నేను ప్రతి గంటకీ తలలు లెక్కపెట్టేవాణ్ణి, పిల్లల్ని ఇద్దరిద్దరిగా జతకట్టి ఒకడు కనిపించకపోతే రెండోవాడు చెప్పాలని పెట్టేవాణ్ణి. ఒక్కసారి ఆ లెక్క అరగంట ఆలస్యమైంది, ఇద్దరు చెరువు మెట్ల మీద దొరికారు, కాళ్లు నీళ్లలో పెట్టుకుని చేపల్ని చూస్తున్నారు. ఏమీ కాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండోది పాము. కట్లపాము రాత్రిపూట కింద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కాటేస్తుంది, ఒక్కోసారి కరిచినట్టు కూడా తెలియదు. దోమతెర కట్టి, అంచులు పరుపు కిందికి దోపి పడుకుంటే చాలావరకు రక్షణ. పొద్దున్నే బూట్లు దులిపి వేసుకోవడం ఇంట్లోనే అలవాటు చెయ్యి. కాటు పడితే కొయ్యడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు బిగించడం ఏదీ చెయ్యకూడదు, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ ఆసుపత్రి ఎంత దూరంలో ఉంది, 108 అక్కడిదాకా వస్తుందా, రాత్రిపూట క్యాంపులో బండి ఉంటుందా అన్నది ముందే తెలుసుకో. వాడికి ఆస్తమా మందు ఉంది కదా, ఇన్‌హేలర్ రెండు పంపు, ఒకటి వాడి జేబులో, ఒకటి టీచర్ దగ్గర.

ఇంకొకటి మొహమాటం లేకుండా చెప్తున్నాను. ఏ పెద్దవాడూ ఏ పిల్లాడితోనూ ఒంటరిగా ఉండకూడదు, టెంట్లో గానీ స్నానాల దగ్గర గానీ. ఇది నియమంగా ఉందా అని స్కూలుని అడుగు. ఎవరైనా ఇబ్బంది పెడితే వెంటనే చెప్పొచ్చని, అమ్మ తిట్టదని, మగపిల్లాడే కదా అని ఊరుకోకుండా, వాడికి ఇప్పుడే చెప్పు.

మొదటి రాత్రి వాడు ఏడుస్తాడు, సిద్ధంగా ఉండు. చాలామంది ఏడుస్తారు. పగలంతా ఆటల్లో గుర్తుండదు, పక్క పరిచాక అమ్మ గుర్తొస్తుంది. ఒకప్పుడు రాత్రి ఎనిమిదింటికి ఇంటికి ఫోన్ చేయించేవాళ్లం, బాగానే ఉన్న పిల్లలు కూడా అమ్మ గొంతు వినగానే బావురుమనేవాళ్లు. ఫోన్లు మానేశాక రెండో రాత్రికి చాలామంది సర్దుకున్నారు. అందుకే రోజూ వీడియో కాల్ కావాలని స్కూలు వాళ్లని పట్టుబట్టకు, టీచర్ నుంచి రోజుకో మెసేజ్ చాలు. "బాగోకపోతే చెప్పు, వెంటనే వచ్చి తీసుకొచ్చేస్తా" అని మాత్రం ఎప్పుడూ అనకు. ఆ మాట విన్నవాడు ఐదు రోజులూ దాని గురించే ఆలోచిస్తాడు. "మొదటి రాత్రి అమ్మ గుర్తొస్తుంది, అందరికీ అంతే, పక్కవాడితో మాట్లాడు" అని చెప్పు.

ఇంకా మూడు వారాలు టైముంది. ఒక శనివారం వాణ్ణి మీ అత్తగారింట్లో పడుకోబెట్టు, తర్వాతి వారం మా ఇంటికి పంపు. అన్నం కలిపి పెట్టడం ఈ రాత్రి నుంచే ఆపెయ్. సగమే తింటే సగమే తిననీ. బ్యాగ్ వాడే సర్దుకోవాలి, నువ్వు పక్కన కూర్చుని లిస్టు చదువు, అంతే. తల్లి సర్దిన బ్యాగులో సబ్బు ఎక్కడుందో తెలియక మూడు రోజులు స్నానం చెయ్యని పిల్లల్ని ఎంతమందిని చూశానో. కొత్త బూట్లు కొనకు, పాతవి చాలు, కొత్తవి బొబ్బలెక్కిస్తాయి.

ఈ క్యాంప్ బాగోలేదనిపిస్తే దిగులుపడకు. వాళ్ల స్కూల్లో గానీ దగ్గర్లో గానీ భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ యూనిట్ ఉందేమో చూడు, పదేళ్లు దాటాడు కాబట్టి చేరొచ్చు, ఖర్చు కూడా తక్కువ. ఏడాది పొడుగునా వారం వారం చిన్నచిన్నవి నేర్చుకుని క్యాంపుకి వెళ్లడం ఐదు రోజుల ప్యాకేజీ కన్నా ఎప్పుడూ మేలే.

తిరిగొచ్చిన రోజు నల్లగా మాడిపోయి, బట్టలన్నీ మట్టితో దిగుతాడు. "అయ్యో ఎంత చిక్కిపోయావురా" అని మొదలుపెట్టకు. నిద్రపోనీ, లేచాక వాడే చెప్తాడు. ఆ వారంలోనే ఇంట్లో ఒక పని పూర్తిగా వాడికి అప్పగించు, ఆదివారం అన్నం వండడమో, నీళ్ల క్యాన్లు చూసుకోవడమో. అక్కడ గిన్నెలు తోమిన పిల్లాడికి ఇక్కడ మళ్లీ గ్లాసు నీళ్లు చేతికందిస్తే వారానికల్లా అంతా పోతుంది. ఇలా పోవడం చాలామంది ఇళ్లలో చూశాను. తల్లిదండ్రులు మాత్రం క్యాంప్ వల్ల ఏం లాభం లేదండీ అనేవాళ్లు.

మీ తమ్ముడి చేత రెండు మీటర్ల నూలు తాడు పంపిస్తున్నాను. రీఫ్ నాట్ వెయ్యడం వాడికి నేర్పు, కుడిది ఎడమ మీదుగా ఒకసారి, ఎడమది కుడి మీదుగా ఒకసారి. సరిగ్గా పడితే ముడి చదునుగా ఉంటుంది, తప్పితే వంకరగా తిరిగి జారిపోతుంది. ఒక్కసారి చూపించి తాడు వాడికిచ్చేసి నువ్వు వంటింట్లోకి వెళ్లిపో. వచ్చాక ఫోటో తీసి నాకు పెట్టమను.

మీ పెదనాన్న