నెట్ తెగినా రాసింది పోకుండా

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ముంబైలో ఉన్న సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (నెట్ ద్వారా దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) వెళ్లి, మా విత్తనాల కొట్టు వెబ్‌సైట్ ఫైళ్లు విమ్ అనే ఎడిటర్‌లో దిద్దుతుంటాను. వాన పడితే నెట్ తెగిపోతుంది, రాసిందంతా పోతోంది. ఏం చెయ్యాలి సార్?

జవాబు: ఆ టెన్షన్ నాకు తెలుసు బాబూ. గుణుపురంలో పనిచేసిన రోజుల్లో ఒక రాత్రి రెండు గంటల పని ఇలాగే పోయిందనుకుని చాలా బాధపడ్డాను. నిజానికి పోలేదు. మీరు 200 అక్షరాలు కొట్టినా, 4 సెకన్లు ఆగినా విమ్ ఆ రాతను స్వాప్ ఫైలు అనే తాత్కాలిక ఫైలులో దాస్తుంది. మళ్లీ లాగిన్ అయ్యి అదే ఫైలు తెరవండి. హెచ్చరిక వస్తుంది, రికవర్ కోసం ‘ఆర్’ నొక్కండి. సరిచూసుకుని సేవ్ చేశాక ఆ స్వాప్ ఫైలు తీసెయ్యండి, లేకపోతే తెరిచిన ప్రతిసారీ అదే హెచ్చరిక.

ఇకమీదట మాత్రం లాగిన్ అవగానే టీమక్స్ (tmux, లైన్ తెగినా సర్వర్‌లో పనిని నడుపుతూ ఉంచే ప్రోగ్రామ్) మొదలుపెట్టి, విమ్‌ను అందులోనే తెరవండి. లైన్ తెగినా సర్వర్‌లో మీ పని అలాగే ఉంటుంది. నెట్ వచ్చాక మళ్లీ లాగిన్ అయ్యి ‘టీమక్స్ అటాచ్’ (tmux attach) అని కొడితే ఆగిన అక్షరం దగ్గరికే వెళ్తారు. ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ అనే సాధనంతో సర్వర్ ఫోల్డర్‌ను మీ కంప్యూటర్‌కే తగిలించుకోవచ్చు గానీ, నెట్ తెగితే అది బిగుసుకుపోతుంది. మన ఊళ్లకు నేను చెప్పను.

ఇంకొకటి. సర్వర్ గుర్తింపు తాళం (హోస్ట్ కీ, అది మీ సర్వరేనని తెలిపే గుర్తు) మారిందని ఎప్పుడైనా హెచ్చరిక వస్తే, హోస్టింగ్ వాళ్లకు ఫోన్ చేసి కనుక్కున్నాకే ముందుకు వెళ్లండి.