ఒక్కో మందు ఇచ్చి చూడకుండా మూడూ ఒకేసారి ఎందుకు? మా అత్తయ్య విషయంలో మేం చూసింది

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. మీ అక్కయ్యకు 44 ఏళ్లు. హార్మోన్ రకం రొమ్ము క్యాన్సర్, అంటే ఈస్ట్రోజెన్ హార్మోన్‌తో పెరిగేది. ఆపరేషన్ అయ్యాక ఆ హార్మోన్‌ను అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటూ ఉండగానే రెండో ఏట లివర్‌లో మచ్చలు కనబడ్డాయి, అంటే జబ్బు అక్కడికి పాకింది. జీన్ టెస్టు పంపాం, పాజిటివ్ వస్తే మూడు మందులు కలిపి ఇద్దాం అన్నారట డాక్టరు గారు. ఒకటి ఇచ్చి, అది పనిచేయకపోతే రెండోది ఇవ్వొచ్చు కదా, మూడూ ఒకేసారంటే ఒళ్లు తట్టుకుంటుందా అని మీ భయం.

నేను డాక్టర్ని కాదు. 2020 నుంచి మా అత్తయ్యను వెంటబెట్టుకుని ఇదే ఆస్పత్రి వరండాల్లో తిరుగుతున్న కోడల్ని. కాబట్టి చూసింది చెబుతాను, డోసుల సంగతి మీ డాక్టరు గారికే వదిలేయండి.

అత్తయ్యకు మొదట నడుం నొప్పి. నాట్లప్పుడు వంగి చేసినందుకేమోలే అని ఆర్నెల్లు జండూబామ్ రాసుకున్నారు. తీరా చూస్తే ఇదే రకం రొమ్ము క్యాన్సర్, వెన్నుపూస దాకా పాకింది. అప్పుడు మొదలుపెట్టినవి రెండు మందులు: లెట్రోజోల్, పాల్బోసిక్లిబ్. నేనూ మీలాగే అడిగాను, రెండెందుకని. డాక్టరమ్మ గారు ఓపిగ్గా చెప్పారు. లెట్రోజోల్ ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారు కానివ్వదు, పాల్బోసిక్లిబ్ కణం రెండుగా చీలకుండా ఆపుతుంది. ఇంటికొచ్చాక అత్తయ్య దాన్ని తన భాషలో పెట్టేశారు: "తూము మూస్తే సరిపోద్దా, గట్టుకి ఎలకబొరియ ఉంటే నీళ్లు అందులోంచి పోవూ? రెండూ మూయాలి." ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

ఇది ఊరికే ఊహ కాదు. పాలోమా-2 అనే ట్రయల్‌లో, అంటే రోగులకు మందులిచ్చి పోల్చి చూసే పరీక్షలో, 666 మందిని చూశారు. లెట్రోజోల్ ఒక్కటే వాడినవాళ్లలో జబ్బు మళ్లీ పెరగడానికి పట్టిన మధ్యస్థ కాలం (సగం మందికి అంతకంటే ముందు, సగం మందికి తర్వాత) 14.5 నెలలు, రెండూ కలిపి వాడినవాళ్లలో 24.8 నెలలు. మా అత్తయ్యకు మూడేళ్లు దాటి లాగింది. కిరాణా కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండర్ మీద 21 రోజులు ఎర్రపెన్నుతో సున్నాలు, తర్వాత 7 రోజులు ఖాళీ. ఖాళీ వారంలో తెల్లకణాలు కోలుకోవాలి. కౌంట్లు తగ్గాయని రెండుసార్లు వారం పొడిగించారు. మేం బెంబేలెత్తిపోయాం గానీ డాక్టరమ్మ గారు మామూలుగానే తీసుకున్నారు. జ్వరం వస్తే మాత్రం రాత్రైనా సరే ఫోన్ చేయమన్నారు.

ఇప్పుడు మీ అసలు విషయానికొస్తాను. 2024లో అత్తయ్య లివర్‌లో రెండు మచ్చలు వచ్చాయి. అప్పుడు అడిగిన టెస్టే మీకూ పంపిన టెస్టు అయి ఉంటుంది: పిఐకె3సిఎ జీన్‌లో మార్పు ఉందా అని. హార్మోన్ రకంలో దాదాపు పదిమందిలో నలుగురికి ఆ మార్పు ఉంటుందట. అది ఉంటే కణం హార్మోన్ లేకపోయినా పెరిగే ఇంకో దారి పట్టుకుంటుంది. ఆ దారికి అడ్డం పెట్టే మందులు వేరే ఉన్నాయి. అవి మార్పు ఉన్నవాళ్ల కోసమే. అందుకని రిపోర్టు రాకముందే "ఆ మందు బాగుందట, మొదలుపెట్టేయండి" అని ఎవరు తొందరపెట్టినా ఆగండి.

మాకు ఇక్కడే దెబ్బ తగిలింది. టెస్టుకి పాత బయాప్సీ బ్లాక్ కావాలన్నారు, అంటే అప్పట్లో గడ్డలోంచి తీసి మైనంలో దాచిన ముక్క. మొదట చేసిన ల్యాబ్‌కి వెళితే ఇవ్వాళ లేదు, రేపు రండి అంటూ పందొమ్మిది రోజులు తిప్పారు. చివరికి దొరికింది. బొటనవేలంత మైనం ముక్క, మధ్యలో చిన్న గోధుమరంగు చుక్క, అంచు మీద పెన్సిల్‌తో నంబరు. దాన్ని మా ఆయన చొక్కా జేబులో పెట్టుకుని బస్సులో తెచ్చారు. మే నెల ఎండ! మైనం కరిగితే ఏంటి పరిస్థితని నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మీ అక్కయ్య బ్లాక్ ఎక్కడుందో ఈ వారంలోనే కనుక్కోండి. అది అరిగిపోయినా, పాతబడినా రక్తంతో కూడా ఈ టెస్టు చేస్తారు, అదీ అడగండి.

మూడు మందుల సంగతి. మీ డాక్టరు గారి మనసులో ఉన్నది బహుశా ఇనావోలిసిబ్ (పిఐకె3సిఎ దారికి అడ్డం పెట్టేది), పాల్బోసిక్లిబ్, ఫుల్వెస్ట్రాంట్ (ఈస్ట్రోజెన్‌ను కణం అందుకోకుండా చేసే ఇంజెక్షన్). వీటిని కలిపి చూసిన ట్రయల్ పేరు ఇనావో120. అందులో 325 మంది. అందరికీ పిఐకె3సిఎ మార్పు ఉంది, అందరికీ హార్మోన్ మాత్రలు వాడుతుండగానో, ఆపిన ఏడాదిలోపో జబ్బు తిరగబెట్టింది. అంటే అచ్చం మీ అక్కయ్య లాంటివాళ్లు. రెండు మందులే వాడినవాళ్లలో 7.3 నెలలకు జబ్బు పెరిగితే, మూడోది కలిపినవాళ్లలో 15 నెలలకు. 2025లో వచ్చిన లెక్కల్లో ఆయుష్షు కూడా పెరిగినట్టు తేలింది, 27 నెలల నుంచి 34కి. ఒక్కోటి ఇచ్చి చూద్దామన్న మీ ఆలోచనకు జవాబు ఇందులోనే ఉంది. టామాక్సిఫెన్ మీద ఉండగానే తిరగబెట్టిన జబ్బు మన వీలు చూసుకుని ఆగదు. మొదటి మందు పనిచేయలేదని స్కాన్‌లో తెలిసేలోపు లివర్ పాడైతే రెండోది ఇవ్వడానికి ఒంట్లో సత్తువ ఉండాలిగా. మీ అక్కయ్యకు ఇంకా నెలసరి వస్తుంటే అండాశయాలను నిద్రపుచ్చే ఇంజెక్షన్ కూడా దీనికి తోడవుతుంది. అప్పుడు నాలుగో మందని కంగారు పడకండి.

అలాగని ఏ రెండు మంచి మందులు కలిపినా ఎక్కువ మేలు జరుగుతుందనుకోవద్దు. హెర్-2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే ఇంకో రకం రొమ్ము క్యాన్సర్‌లో ట్రాస్టుజుమాబ్, డోసిటాక్సెల్ అనే మందులకు పెర్టుజుమాబ్ కలిపితే ఆయుష్షు 40.8 నెలల నుంచి 56.5 నెలలకు పెరిగింది. అదే పెర్టుజుమాబ్‌ను టి-డిఎం1తో (ట్రాస్టుజుమాబ్‌కు కీమో మందు అతికించింది) కలిపితే, మరియాన్ ట్రయల్‌లో, పాత చికిత్స కంటే మెరుగు అనిపించుకోలేదు. కలపడం కూడా పరీక్షించి తేల్చాల్సిన విషయమే. మీ డాక్టరు గారిని "ఈ మూడూ కలిపి చూసిన ట్రయల్ ఉందా, అందులో మా అక్క లాంటివాళ్లు ఉన్నారా" అని అడగండి. మంచి డాక్టరు ఈ ప్రశ్నకు విసుక్కోరు.

మా అత్తయ్యకు ఇచ్చింది ఇనావోలిసిబ్ కుటుంబంలోదే పాత మందు, ఆల్పెలిసిబ్, ఫుల్వెస్ట్రాంట్‌తో. ఫుల్వెస్ట్రాంట్ రెండు పిరుదులకీ ఒక్కో ఇంజెక్షన్. చిక్కగా ఉంటుంది, అందులో ఆముదం ఉంటుందట. సిస్టరు సిరంజిని రెండు అరచేతుల మధ్య కాసేపు పెట్టుకుని, చాలా నెమ్మదిగా ఎక్కించేది. "కడుపులోకి తాగించే ఆముదం ఇప్పుడు పిర్రలకి పొడుస్తున్నారా" అని అత్తయ్య ఒకటే నవ్వు.

ఆ నవ్వు పన్నెండో రోజుకి పోయింది. నోరంతా పూత, మజ్జిగన్నం కూడా మంట. షుగర్ 380. ఆవిడకు అంతకుముందు షుగర్ లేదు, బోర్డర్‌లో ఉందన్నారంతే. ఎందుకిలా అంటే, ఈ మందు మూసే దారినే ఇన్సులిన్ కూడా వాడుకుంటుందట. క్యాన్సర్ కణానికి అడ్డం పెట్టిన తడిక చక్కెరకీ అడ్డమే. మందు ఆపి, మెట్‌ఫార్మిన్ పెట్టి, పది రోజులయ్యాక డోసు తగ్గించి మళ్లీ మొదలుపెట్టారు. పదమూడు నెలలు పనిచేసింది. ఇప్పుడు కీమో మాత్రల మీద ఉన్నారు. నిన్న గోంగూరలో ఉప్పు తక్కువైందని నాకు క్లాసు పీకారు.

ఇంకో మాట. ఇనావో120లో ఫాస్టింగ్ షుగర్ 126 లోపు, హెచ్‌బిఎ1సి (మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు) 6 లోపు ఉన్నవాళ్లనే తీసుకున్నారు. మన ఇళ్లలో అలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. మీ అక్కయ్యకు షుగర్ ఉంటే ఆ ట్రయల్ లెక్కలు యథాతథంగా సరిపోవు, ముందే డయాబెటిస్ డాక్టరుకి కూడా చూపించండి. అలాగే పాల్బోసిక్లిబ్ వాడేవాళ్లు గ్రేప్‌ఫ్రూట్ తినొద్దని ఉంటుంది. మన పంపరపనస దానికి దగ్గరి చుట్టమే, అదీ పక్కన పెట్టండి. ఎవరో ఇచ్చిన కషాయాలు కూడా డాక్టరుకి చెప్పకుండా తాగించొద్దు.

ఖర్చు గురించి మీరు అడగలేదు గానీ, పాల్బోసిక్లిబ్ పేటెంట్ 2023 జనవరిలో అయిపోయింది. తర్వాత మన కంపెనీల జెనరిక్‌లు వచ్చి రేటు బాగా దిగింది. కొనేముందు రెండు మూడు చోట్ల అడగండి. కొత్త మందు ఇనావోలిసిబ్ మాత్రం భారమే. ఆ కంపెనీ పేషెంట్లకు సాయం చేసే పథకం ఏదైనా పెట్టిందేమో ఆస్పత్రిలో కనుక్కోండి.

రిపోర్టు వచ్చాక అందులో ఏం రాశారో ఇక్కడ పెట్టండి, పేరు, ఆస్పత్రి నంబరు చెరిపేసి. ఈలోగా షుగర్ మిషన్ ఒకటి కొని, మందు మొదలుపెట్టకముందు నుంచే పొద్దున్న పరగడుపున చూసి రాసిపెట్టుకోండి. మేం ఆ పని చేయలేదు. 380 చూసినప్పుడు అంతకుముందు ఎంతుండేదమ్మా అని డాక్టరమ్మ గారు అడిగితే, చెప్పడానికి మా దగ్గర ఒక్క అంకె కూడా లేదు.