జర్మనీలో స్పెయిన్, యుగోస్లావియా వలస కుటుంబాల పిల్లల పరిస్థితి ఒకేలా ఉందా?

లేదు. రెండు దేశాల నుంచీ ఎక్కువగా ఫ్యాక్టరీ పనులకే వచ్చారు. పశ్చిమ జర్మనీకి స్పెయిన్‌తో 1960లో, యుగోస్లావియాతో 1968లో కార్మికుల్ని రప్పించుకునే ఒప్పందం కుదిరింది. తేడా చదువు దగ్గర వచ్చింది. స్పానిష్ తల్లిదండ్రులు సంఘాలు పెట్టుకుని, పిల్లల్ని విడి క్లాసుల్లో కాకుండా జర్మన్ పిల్లలతోపాటే చదివించాలని పట్టుబట్టారు, హోంవర్క్‌కి సాయం ఏర్పాటు చేశారు. పెద్దగా చదువుకోని ఆ కార్మికుల పిల్లలు స్కూళ్లలో రాణించడానికి ఇదే ముఖ్య కారణమని నేను గట్టిగా నమ్ముతాను. 1986లో స్పెయిన్ యూరోపియన్ కమ్యూనిటీలో (నేటి యూరోపియన్ యూనియన్, ఈయూ) చేరాక నివాస, పని పర్మిట్ల టెన్షన్ కూడా క్రమంగా తగ్గింది.

తర్వాత బోస్నియా, క్రొయేషియా, సెర్బియా లాంటి దేశాలుగా విడిపోయిన యుగోస్లావియా వాళ్లందరినీ ఒకే గాటన కట్టలేం. ముందు వచ్చిన కార్మికుల కుటుంబాలు చాలావరకు స్థిరపడ్డాయి. 1990ల యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన బోస్నియా కుటుంబాల్లో చాలామందికి దక్కింది తాత్కాలిక అనుమతే: ఉద్యోగానికి ఆంక్షలు, ఎప్పుడు పంపించేస్తారోనన్న భయం. క్రొయేషియా 2013లో ఈయూలో చేరింది. సెర్బియా, బోస్నియా పౌరులకు ఈయూ పౌరుల్లా జర్మనీలో స్వేచ్ఛగా ఉండి పనిచేసే వీలు లేదు.