క్రాకోవ్ ప్రయాణం సరే, ముందు ఆ ఛాతీ బరువు సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 58. మాది గుంటూరు. పదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, టెల్మిసార్టాన్ వాడుతున్నాను. డిసెంబరులో మూడు వారాలు పోలండ్‌లోని క్రాకోవ్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటాం. మేం శాకాహారులం. అక్కడి పిరోగీ, సూప్‌లు షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా? ఊరు తిరిగేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? ఈమధ్య మెట్లెక్కితే ఛాతీ కాస్త బరువుగా ఉంటోంది, ఆగితే తగ్గుతోంది. గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను.

సలహా: అమ్మా, పిరోగీల సంగతి తర్వాత చెప్తాను. మీ ఉత్తరంలో చివరి రెండు వాక్యాలే నాకు టెన్షన్ పెట్టాయి.

మెట్లెక్కితే వచ్చి, ఆగితే తగ్గే బరువును గ్యాస్ అని మీకు మీరే తేల్చేసుకుంటే ఎలా? గుండెకు రక్తం చాలనప్పుడు కూడా ఇలాగే ఉంటుంది. పదేళ్ల షుగర్, దానికి తోడు బీపీ ఉన్నప్పుడు ముందు అనుమానించాల్సింది దాన్నే. మాత్ర వేసుకుంటే తగ్గిందని మా ఓపీలో చాలామంది చెప్తుంటారు. మాత్ర కోసం కాసేపు కూర్చున్నారు కదా, ఆ కూర్చోవడం వల్లే తగ్గి ఉండొచ్చు! పరీక్షించకుండా మీకు గుండె జబ్బు ఉందని నేను అనను. లేదని కూడా అనలేను. ఈ వారంలోనే కార్డియాలజిస్టును కలవండి. కదలకుండా పడుకోబెట్టి తీసిన ఈసీజీ నార్మల్‌గా వచ్చినంత మాత్రాన వదిలేయకండి. ఎకో, ట్రెడ్‌మిల్ లాంటి గుండె పరీక్షలు అవసరమా అన్నది వాళ్లు చూసి చెప్తారు. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర ఎవరో ఇచ్చారని పర్సులో వేసుకుని బయల్దేరడం అసలే వద్దు. ఈలోగా ఊరికే కూర్చున్నప్పుడు బరువు వచ్చినా, ఆగినా తగ్గకపోయినా, చెమటలు పట్టినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

టికెట్లు కొన్నాం కదా, తిరిగొచ్చాక చూపించుకుంటాం అనకండి. డిసెంబరులో క్రాకోవ్ చలి సున్నా డిగ్రీలకు అటూఇటూగా ఉంటుంది. కడుపునిండా తిని ఆ గాలిలో నడిస్తే గుండెకు పని పెరుగుతుంది. వావెల్ కోట గుట్ట మీద ఉంది. వియెలిచ్కా ఉప్పు గనిలో సుమారు 800 మెట్లు, అందులో 380 దాకా మొదట్లోనే దిగాలి. పైకి లిఫ్టులో తెస్తారు గానీ, డాక్టరు సరే అనేదాకా దాని టికెట్ కొనొద్దు.

ఇక తిండి. పిరోగీ అంటే మన కజ్జికాయ ఆకారమే, కాకపోతే ఉడికిస్తారు. రుస్కీ అనే రకంలో బంగాళాదుంప, పనీర్ లాంటి తెల్ల చీజ్ ఉంటాయి. మాంసం లేదు కదా అనుకుంటే పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లుతారు. ‘బెజ్ స్క్వారెక్’ అంటే అవి వేయకుండా ఇస్తారు. ప్లేటు నిండా పిండిపదార్థమే, సగం మీ అబ్బాయికి ఇచ్చేయండి. పులిసిన రై (గోధుమ లాంటి ధాన్యం) పిండితో చేసే జురెక్ సూప్‌లో సాసేజ్ వేస్తారు, మీకు కుదరదు. బీట్‌రూట్ సూప్ కూడా మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తుంటారు, అడిగాకే తినండి. ఉప్పులో ఊరేసిన దోసకాయలు, క్యాబేజీ, పొగబెట్టిన చీజ్ బీపీకి మంచివి కావు. సంచిలో ఆవకాయ ఎలాగూ ఉంటుంది కదా, మళ్లీ ఇవెందుకు?

గ్లిమిపిరైడ్ వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే షుగర్ పడిపోవచ్చు. వెజ్ దొరకలేదని పస్తుతో తిరగకండి. వీధిబండ్ల మీద అమ్మే ఒబ్వజానెక్ అనే రింగు రొట్టె ఒకటి, గ్లూకోజు పొడి సంచిలో ఉంచుకోండి. కుళాయి నీళ్లు తాగొచ్చు.

మందులు, ప్రిస్క్రిప్షన్ చేతిసంచిలో పెట్టుకోండి. డిసెంబరు 24 నుంచి 26 వరకు అక్కడ సెలవులు, కాబట్టి రెండు వారాలకు సరిపడా అదనంగా తీసుకెళ్లండి. ఆ దేశం మనకంటే నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది, మాత్రల వేళలు మీ డాక్టరునే అడగండి. జలుబు చేస్తే వేసుకుందామని ఇక్కడి నుంచి యాంటీబయాటిక్స్ మోసుకెళ్లొద్దు. వీసా కోసం తీసుకునే బీమాలో షుగర్, బీపీ, ఈ ఛాతీ బరువు ఏదీ దాచకండి. దాస్తే రేపు క్లెయిమ్ ఇవ్వం అనొచ్చు.

ఈ విషయం మీ అబ్బాయికి చెప్పారో లేదో రాయలేదు. ఇవాళే చెప్పండి. అక్కడ అంబులెన్సు కోసం 112కి ఫోన్ చేయాల్సింది అతనే.