వేలిముద్రలు చూసి పిల్లల తెలివి చెప్పగలరా? నేనైతే ఆ డబ్బు కట్టను

ప్రశ్న: "మా బాబు ఏడో తరగతి. లెక్కల్లో మార్కులు రావట్లేదు కానీ ఇంట్లో ఏ వస్తువు పాడైనా విప్పి బాగు చేస్తాడు. తెలివితేటలు ఎనిమిది రకాలట, వేలిముద్రల టెస్ట్ చేయిస్తే వాడిది ఏ రకమో తెలుస్తుందని స్కూల్లో చెప్పారు. చేయించాలా?"

చేయించకండి. నేను నల్లగొండ జిల్లాలో ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఈ టెస్టుల రిపోర్టులు పట్టుకొచ్చే తల్లిదండ్రులు నా దగ్గరికి కూడా వస్తుంటారు. రంగురంగుల చార్టు, దాని మీద "మీ బిడ్డకు సంగీత మేధ ఎక్కువ, గణిత మేధ తక్కువ" అని ఉంటుంది. అది చదివిన పిల్ల ఇక లెక్కల పుస్తకం తెరవదు. వేళ్ల మీది గీతలు తల్లి కడుపులో ఉన్నప్పుడే ఏర్పడతాయి. వాటిని చూసి ఎవరికి లెక్కలొస్తాయో, ఎవరికి పాట వస్తుందో చెప్పే శాస్త్రమేదీ లేదు. ఈ ఎనిమిది రకాల మాట హోవర్డ్ గార్డనర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తది. 1983లో ఏడు రకాలన్నాడు, తర్వాత ప్రకృతిని గమనించే తెలివిని చేర్చాడు. అన్ని రకాలూ అందరిలోనూ ఉంటాయి, పాళ్లే తేడా అన్నాడు తప్ప ఒక్కో పిల్లవాడికి ఒక్కో రకమని ఆయన ఎప్పుడూ అనలేదు. వేలిముద్రల టెస్టును ఆయనే సమర్థించలేదు. ఒకదాంట్లో బాగా చేసేవాళ్లు మిగతావాటిలోనూ కొంత బాగానే చేస్తారు కాబట్టి వీటిని వేరువేరు తెలివితేటలనడం సరికాదని వాదించే శాస్త్రవేత్తలు కూడా చాలామంది ఉన్నారు.

ఆ వాదన ఎటు తేలినా, తెలివి ఎలా పెరుగుతుందో నేను మా ఇంట్లోనే చూశాను.

మాది పుట్టపాక వైపు నేతపని చేసే కుటుంబం. అప్పట్లో అది నల్లగొండ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. మా పెద్దమ్మ బడికి పోలేదు. ఆమె కొడుకు, నాకు అన్న వరస, పదో తరగతి లెక్కల్లో ఫెయిలయ్యాడు. ఆ ఎండాకాలం పెద్దమ్మ అతన్ని చిటికి కట్టడానికి కూర్చోబెట్టింది. చిటికి పని తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. డిజైన్‌ను ముందే లెక్క వేసుకుని, నూలు మీద రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు ముక్కలతో గట్టిగా కడతారు. తెల్లగా ఉండాల్సిన చోట కట్టి ఎరుపులో ముంచుతారు. ఎరుపు నిలవాల్సిన చోట మళ్లీ కట్టి నలుపులో ముంచుతారు. అంటే చివరికి బట్ట ఎలా ఉండాలో ముందే తలలో ఉంచుకుని వెనక నుంచి ముందుకు ఆలోచించాలి.

అన్న గ్రాఫ్ కాగితం మీద ఏనుగు బొమ్మ గీశాడు. పాత తేలియా రుమాళ్ల (చిటికి పనితో నేసే చదరపు గుడ్డల) మీద ఏనుగులు, గడియారాలు, విమానాలు ఉండేవి, అవి చూసి మోజు పడ్డాడు. గుర్తులు పెట్టాడు, కట్టాడు, అద్దకం అయింది, మగ్గం ఎక్కింది. ఏనుగు కాళ్లు నిడుపుగా సాగిపోయి వచ్చింది. పెద్దమ్మ మగ్గం పక్కన నిలబడి చూసింది. "ఇదేం ఏనుగురా, ఒంటె లెక్క నిలబడ్డది" అంది. తప్పెక్కడుందో మాత్రం చెప్పలేదు. "కాయితం మీద గడి నాలుగు దిక్కుల ఒక్కతీరే. బట్ట మీద ఎత్తు దేని నుంచి వస్తది, ఎడల్పు దేని నుంచి వస్తది?" అని అడిగి తన ఆసు (నూలును మేకుల చుట్టూ పోసే చట్రం) దగ్గరికి వెళ్లిపోయింది.

అన్న ఆ రాత్రి పడుకోలేదు. ఎత్తు పేక పోగుల (అడ్డంగా నేసే పోగుల) లెక్కను బట్టి వస్తుంది, వెడల్పు చిటికి గుర్తుల దూరాన్ని బట్టి వస్తుంది. ఈసారి నూలు కాస్త లావు, కాబట్టి ఎప్పుడూ వేసేన్ని పోగులే వేసినా ఎత్తు పెరిగింది. చీపురు పుల్ల తుంచి నేసిన ముక్క మీద పెట్టి కొలుస్తూ, ఒక గడికి ఎన్ని పోగులు తగ్గిస్తే వెడల్పుతో సరిపోతుందో తేల్చాడు. పొద్దున పెద్దమ్మకు చూపిస్తే ఆమె అతని పుల్ల తీసుకుని తనూ కొలిచి, "ఇగ కట్టు" అంది. రెండోసారి ఏనుగు ఏనుగులాగే వచ్చింది.

అన్న ఆ రాత్రి చేసింది నిష్పత్తి, అనుపాతం. పరీక్షలో అతను ఫెయిలైన పాఠాల్లో అదీ ఒకటి. సప్లిమెంటరీలో మళ్లీ ఫెయిలయ్యాడు. బళ్లో ఎవరూ అతనికి ఈ రెండూ ఒకటే అని చూపించలేదు. ఇది నాకు ఈ రోజుకీ బాధ.

చేతిలో ఉన్న లెక్క దానంతటదే పుస్తకంలోకి రాదు. బ్రెజిల్‌లో వీధుల్లో సరుకులమ్మే పిల్లల మీద 1985లో ఒక అధ్యయనం వచ్చింది. బేరంలో దాదాపు తప్పు లేకుండా లెక్క చెప్పిన పిల్లలే అవే లెక్కలు కాగితం మీద ఇస్తే తడబడ్డారు. 2025లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల్లోనూ ఇదే చూసింది. బడికి మాత్రమే వెళ్లే పిల్లలు బజారు లెక్కలో తడబడ్డారని కూడా తేలింది. అంటే రెండు వైపులా గోడ ఉంది. ఆ గోడకు తలుపు పెట్టడమే టీచర్ పని అని నేను నమ్ముతాను. పిల్లల్ని ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సుల్లో వేసి, పొద్దున ఐదింటికి లేపి బిట్లు బట్టీ పట్టించేవాళ్లకు ఆ తలుపు గురించి ఆలోచన ఉందా? "చదువు లేకున్నా ఎంత మేధావో" అని నేతన్నలను టీవీలో పొగిడేవాళ్ల మీద కూడా నాకు కోపమే. పొగిడి వెళ్లిపోతారు, ఆ ఇంటి పిల్లలు హైదరాబాద్‌లో వాచ్‌మన్ పనికి పోతారు.

చింతకింది మల్లేశం గారి సంగతే చూడండి. ఆలేరు దగ్గరి శారాజీపేట. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు ఆడాలి. వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక 1992లో ఆసు పోసే యంత్రం మొదలుపెట్టి 1999 దాకా ఒక్కో భాగం చేస్తూ, పోగొట్టుకుంటూ, మళ్లీ చేస్తూ పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. చిన్నప్పుడే బడి మానేసిన ఆయనకు "యంత్ర మేధ" పుట్టుకతో వచ్చిందని నేను ఒప్పుకోను. ఏడేళ్లు ప్రతి తప్పూ కళ్ల ముందు కనిపించింది, దిద్దుకున్నారు. మా అన్నకు మగ్గం చేసిన మేలూ అదే. ఆన్సర్ షీట్ నెల తర్వాత ఎర్ర ఇంకుతో వస్తుంది, అప్పటికి పిల్లవాడు ఆ లెక్కే మర్చిపోతాడు.

మీ బాబు విషయానికొస్తే, మన దగ్గర బోరు మోటార్లు కాలని ఊరు లేదు, కాలిన మోటార్లకు మళ్లీ తీగ చుట్టే వైండింగ్ షాపు లేని మండలం లేదు. మంచి మనిషి నడిపే షాపు చూసి సెలవుల్లో రోజూ కాసేపు కూర్చోబెట్టండి. పనికి పెట్టమని కాదు, చూసి అడగమని. ఎంత గేజ్ తీగ, ఒక్కో కాయిల్‌కు ఎన్ని చుట్లు, హెచ్‌పీ పెరిగితే ఏది మారుతుంది, ఇవన్నీ నోట్‌బుక్‌లో రాయమనండి. ఆ నోట్‌బుక్ తీసుకెళ్లి వాడి లెక్కల టీచర్‌కు చూపించండి, ఏ పాఠంలో ఏది ఉందో ఆయన చూపిస్తారు. లెక్కల ట్యూషన్ ఉంటే మాత్రం మాన్పించకండి, రెండూ కావాలి. ఇక టెస్ట్‌కు కట్టాలనుకున్న డబ్బుతో వాడికొక మల్టీమీటర్ కొనివ్వండి, ఇంకా చాలా డబ్బు మిగులుతుంది.